జీవనశైలి వ్యాధులు: ఒక పేరుపై విమర్శ

ఆరోగ్యవిషయాలను గురించి తెలుగులో వస్తున్న వ్యాసాలు చదివే అలవాటున్న పాఠకులకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మధుమేహం గురించి వ్రాసినా, గుండెపోటు గురించి వ్రాసినా, పక్షవాతం గురించి వ్రాసినా వ్యాసం నడిచే దారి ఒక్కటే. మొదట ఇవి అంటువ్యాధులు కావని చెప్తారు. తరువాత ఇవి జీవనశైలి వ్యాధులని పేరు పెడతారు. ఆ పైన ‘కారణాలు’ అనే ఉపశీర్షిక క్రింద పొగ, మద్యం, ఉప్పు, నూనె, స్థూలకాయం, వ్యాయామలోపం అని ఒక జాబితా ఇస్తారు. చివర కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తారు. ఈ వ్యాసాలలో ఉన్న సమాచారం చాలావరకు నిజమే. వ్రాసినవారి ఉద్దేశం కూడా మంచిదే. అయినా ఆ చట్రంలోనే ఒక దోషం ఉన్నదనీ, అది కేవలం భాషాదోషం కాదనీ, రోగి మీద నింద మోపే దోషమనీ నా అభిప్రాయం. ఈ మాట అంటున్నప్పుడు నన్ను నేను మినహాయించుకోవటం లేదు.

రెండేండ్ల క్రిందట మా కళాశాల విజ్ఞానసంఘం గోడపత్రికకు నేనే అటువంటి జాబితా ఒకటి వ్రాసి ఇచ్చినాను. ఎర్రసిరాతో ‘కారణాలు’ అని శీర్షిక కూడా పెట్టినాను. మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో అటెండరుగా పనిచేసే ఒకాయన ఉన్నారు. నాకంటె ఇరవై ఏండ్లు పెద్ద. అంతకు ఆరునెలల ముందు పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి కొంత స్వాధీనం తప్పింది. ఆయన ఆ కాగితం ముందు నిలబడి పై నుంచి క్రింది దాకా చదివి, “మాస్టారూ, ఇందులో నేను చేసిన తప్పు ఏదండీ?” అని అడిగినారు. ఆయన చుట్ట ముట్టరు, కల్లు ముట్టరు. ఇంటి నుంచి కళాశాలకు రానూ పోనూ రోజూ నడకే. మనిషి బక్కపలచన. జాబితాలో ఇక మిగిలింది ఉప్పు ఒక్కటే. “ఉప్పు ఎక్కువ తింటారేమో” అన్నాను. “ఇంట్లో అందరూ తినేదే కదండీ” అని ఆయన ఊరుకున్నారు. ఏదో ఒకటి చెప్పాలి గనుక నేను చెప్పిన జవాబు అది. ఆయన అన్న మాటకు ఎంత అర్థమున్నదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దానిని గురించి తరువాత చెప్తాను.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. ఈ వ్యాధులకు శాస్త్రంలో ఉన్న పేరు అసాంక్రామిక వ్యాధులు. గుండె, రక్తనాళాల జబ్బులు, కాన్సరు, మధుమేహం, ఆస్త్మా వంటి దీర్ఘకాల శ్వాసకోశవ్యాధులు వీటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా వీటివల్ల చనిపోయినవారు 4.3 కోట్లకు తక్కువ కారు. మన దేశంలో 2016లో సంభవించిన మరణాలలో సుమారు 62 శాతం వీటివే. మధుమేహం ఉన్నవారే దేశంలో 10 కోట్లకు పైబడినారని భారత వైద్యపరిశోధనమండలి వారి సర్వే 2023లో తేల్చింది. ఇక పేరు విషయానికి వస్తే, ‘అ’ అనే నిషేధంతో మొదలయ్యే పేరు అది ఏది కాదో చెప్తుందే గాని ఏమిటో చెప్పదు. పైగా అదీ పూర్తిగా నిజం కాదు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సరుకు మూలం పాపిలోమా వైరస్. ఈ సంగతి కనిపెట్టినందుకు హరాల్డ్ సూర్ హౌసెన్ అనే జర్మను శాస్త్రజ్ఞునికి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్ననాడు గొంతుకు సోకిన ఒక సూక్ష్మజీవి పెద్దయిన తరువాత గుండె కవాటాలు చెడిపోవటానికి దారితీయవచ్చు. అయినా ఈ పేరు ఎవరినీ నిందించదు కనుక దీనిని ఇంతటితో విడిచిపెడతాను.

అసలు చిక్కు ‘రిస్క్ ఫాక్టర్’ అనే ఇంగ్లీషు మాట దగ్గర వస్తుంది. దీనికి మనవారు ‘ప్రమాదకారకం’ అనీ, ‘ముప్పు కారకం’ అనీ వ్రాస్తున్నారు. కొందరైతే ఆ కష్టం కూడా పడకుండా ‘కారణం’ అనే వ్రాస్తున్నారు. తెలుగు చెవికి ప్రమాదమంటే బస్సు బోల్తాపడటం. ప్రమాదకారకుడంటే ఆ బస్సు నడిపినవాడు. ఇంకా లోతుకు పోతే సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ‘మీలో ఉన్న ప్రమాదకారకాలు ఇవి’ అని వ్రాసినప్పుడు, వ్రాసినవాని మనసులో ఉన్నది సంఖ్యాశాస్త్రం. చదివినవానికి వినిపించేది అభియోగం.

ఆ ఇంగ్లీషు మాట పుట్టుక చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అమెరికాలో బోస్టన్ నగరానికి దగ్గరగా ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణం ఉన్నది. 1948లో అక్కడి స్త్రీపురుషులను 5,209 మందిని ఎన్నుకొని, రెండేండ్లకు ఒకసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో ఎవరికి రాదో నమోదు చేయటం మొదలుపెట్టినారు. అంతకు మూడేండ్ల ముందే, 1945 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయినాడు. ఆనాడు ఆయన రక్తపోటు 300/190. ఒక దేశాధ్యక్షునికే రక్తపోటు సంగతి పట్టించుకొనే వైద్యం లేని కాలమది! ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు కానెల్, డాబర్ మొదలైనవారు తమ మొదటి ఆరేండ్ల ఫలితాలను 1961లో ప్రకటించినారు. గుండెజబ్బు ముప్పుకు సంబంధించిన ‘ఫాక్టర్లు’ అనే మాట ఆ వ్యాసం శీర్షికలోనే ఉన్నది. అక్కడినుండే అది లోకమంతటా వ్యాపించింది.

వారు చూసినది ఏమిటి? రక్తపోటు ఎక్కువ ఉన్నవారి గుంపులో గుండెజబ్బు వచ్చినవారి సంఖ్య, తక్కువ ఉన్నవారి గుంపులోకంటె ఎక్కువగా ఉన్నది. కొలెస్టరాల్ సంగతీ అంతే. అది గుంపుకూ గుంపుకూ మధ్య ఉన్న నిష్పత్తి. రామయ్యకు ఎందుకు వచ్చింది, సోమయ్యకు ఎందుకు రాలేదు అనే ప్రశ్నకు ఆ నిష్పత్తిలో జవాబు లేదు. రక్తపోటు ఎక్కువగా ఉండి ఎనభై ఏండ్లు బ్రతికినవారున్నారు, తక్కువగా ఉండి నలభై ఏండ్లకు పోయినవారున్నారు. వీరిద్దరూ ఆ లెక్కను తప్పు చేయరు. ఆ లెక్కలోనే ఉన్నారు. మరొక సంగతి. వయస్సు కూడా ఈ ముప్పులలో ఒకటి, నిజానికి అన్నిటికంటె పెద్దది. మగవాడై పుట్టటం మరొకటి. వీటిని ‘కారణాలు’ అని ఎవరూ వ్రాయరు, ఎందుకంటే వాటికి ఎవరినీ తప్పుపట్టలేము. ఒకే పద్ధతిలో తేలిన అంశాలలో కొన్నిటిని ‘కారణాలు’ అనీ కొన్నిటిని వదిలేయటం ఏ తర్కమో ఆలోచించవలసి ఉన్నది.

శాతాల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది. సలీం యూసఫ్ బృందం 52 దేశాలలో గుండెపోటు రోగులను పరీక్షించి 2004లో ‘ఇంటర్‌హార్ట్’ అనే గొప్ప పరిశోధన ప్రకటించింది. పొగ, రక్తపోటు, మధుమేహం, రక్తంలోని కొవ్వులు, పొట్ట, మనోవేదన, పండ్లు కూరగాయలు తినకపోవటం, వ్యాయామం లేకపోవటం, మద్యం అనే తొమ్మిది అంశాలతో పురుషులలో 90 శాతం, స్త్రీలలో 94 శాతం ముప్పును లెక్కకట్టవచ్చునని అందులో తేలింది. (మద్యం కథ కొంచెం వేరు, మితంగా త్రాగేవారిలో ముప్పు తక్కువగా కనిపించింది. తరువాతి పరిశోధకులు దానిని చాలా శంకించినారు.) దీనిని మన పత్రికలవారు ‘నూటికి తొంభై గుండెపోట్లు మన చేతులారా తెచ్చుకొన్నవే’ అనే ధోరణిలో వ్రాస్తున్నారు. వరిపంటను తీసుకోండి. నీరు లేకపోతే పంటలో ఎంత శాతం పోతుంది? నూటికి నూరు. విత్తనం లేకపోతే? అదీ నూటికి నూరే. రెండూ కలిపితే రెండువందల శాతం అవుతుందా? కలిసి పనిచేసే అంశాల వాటాలను ఇట్లా పంచిపెట్టటానికి వీలులేదు. తొమ్మిది అంశాలకు తొంభై శాతం చెందినంత మాత్రాన, పుట్టుకకో, పేదరికానికో, గాలికో మిగిలింది పదిశాతమే అని అర్థం కాదు. ఆ తొమ్మిదింటి వెనుక ఏమున్నదో ఆ లెక్క చెప్పదు. అదే పరిశోధనలో మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53వ యేట వచ్చింది, ఇతరులకు సుమారు 59వ యేట. ఈ ఆరేండ్ల తేడా గురించి మన వ్యాసాలు మరింత వ్రాయవలసింది.

స్థూలకాయం సంగతి కూడా మనకు అంత సూటిగా లేదు. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫోటో అచ్చయింది. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగిన బరువును చెప్పే సూచిక ఇద్దరికీ 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! బక్కగా ఉన్నవాడు నిశ్చింతగా ఉండవచ్చునని మన జాబితాలు ఇచ్చే ధైర్యానికి ఆ ఒక్క ఫోటో చాలు సమాధానం.

ఇప్పుడు ‘జీవనశైలి’కి వస్తాను. శైలి అనే మాట మనకు సాహిత్యవిమర్శ నుంచి వచ్చింది. ఒక కవి శైలి అంటే అతడు అభ్యాసంతో, అభిరుచితో ఎన్నుకొన్న రీతి. శైలిలో ఎంపిక ఉన్నది. కనుక జీవనశైలి వ్యాధి అన్నప్పుడు, బ్రతికే రీతిని రోగి ఎన్నుకొన్నాడు, వ్యాధి దాని ఫలితం అన్న ధ్వని తప్పదు. పట్టణవాసుల, డబ్బున్నవారి, కుర్చీలో కూర్చునేవారి జబ్బులు అనే భావం కూడా దానితోపాటే వచ్చింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో సంభవించిన 1,354 మరణాలకు కారణాలు తెలుసుకోవటానికి ఒక పరిశోధన జరిగింది. చనిపోయినవారి ఇంటికి పోయి, బంధువులను వివరంగా ప్రశ్నించి, వైద్యులచేత నిర్ణయింపజేసినారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు 32 శాతం. అంటువ్యాధులతో పోయినవారు 12 శాతం. అవి పల్లెలు. వారిలో చాలామంది ఒళ్ళువంచి పనిచేసి బ్రతికినవారే. ఇరవై ఏండ్లకు పైబడిన ఈ లెక్క తరువాత కూడా మనం వీటిని విలాసజీవితపు జబ్బులనటం మానలేదు.

అంతకంటె లోతైన సాక్ష్యం హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రామాల నుంచి వచ్చింది. 1987 నుండి 1990 వరకు అక్కడ 29 గ్రామాలలో ఒక ప్రయోగం నడిచింది. 15 గ్రామాలలో గర్భిణీస్త్రీలకూ ఆరేండ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టినారు. మిగిలిన 14 గ్రామాలలో పెట్టలేదు. జాతీయ పోషకాహారసంస్థవారూ లండన్ పరిశోధకులూ 2003-05లో ఆ పిల్లలను మళ్ళీ వెదకి పట్టుకున్నారు. అప్పటికి వారికి 13 నుంచి 18 ఏండ్లు. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వారి శరీరం ఇన్సులిన్‌ను ఎదిరించే గుణం సుమారు 20 శాతం తక్కువ. ధమనుల బిరుసుదనం కూడా తక్కువే. రక్తపోటులోనూ కొవ్వులలోనూ స్పష్టమైన తేడా కనిపించలేదని కూడా చెప్పాలి. ఇన్సులిన్‌ను ఎదిరించటం మధుమేహానికి తొలిమెట్టు. తల్లికడుపులో ఉన్నప్పుడు దొరికిన తిండి, పదిహేనేండ్ల తరువాత ఆ మెట్టును కొంత మార్చగలిగిందన్నమాట. కడుపులో ఉన్న శిశువుకు ఏ జీవనశైలి అంటగడతాము?

ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ కవిటి, సోంపేట, కంచిలి మొదలైన మండలాలలో ఎన్నో ఏండ్లుగా మూత్రపిండాలు చెడి మనుషులు నేలరాలుతున్నారు. మూత్రపిండాల జబ్బుకు పాఠ్యపుస్తకం చెప్పే మూలాలు రెండు, మధుమేహం, అధిక రక్తపోటు. ఇక్కడి రోగులలో చాలామందికి ముందుగా ఆ రెండూ లేవు. నీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో చేసే శ్రమను పరిశోధకులు ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ వచ్చినారు. ఇదే అని ఒక్కదానిని తేల్చినవారు లేరు. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకుతోటల కూలీలలోనూ ఇటువంటి జబ్బే కనిపించింది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధులకు ప్రత్యేక ఆస్పత్రి తెరిచినారు. ఉద్దానం జబ్బు నిస్సందేహంగా అసాంక్రామికవ్యాధి. దానిని జీవనశైలి వ్యాధి అన్నవాడు ఆ ఊళ్ళలో ఒక పూట నిలబడలేడు.

అట్లాగని అలవాట్లకూ వ్యాధికీ సంబంధం లేదని నేను వాదించబోవటం లేదు. పొగాకు విషయంలో ‘కారణం’ అన్న మాటే సరైన మాట. డోల్, హిల్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 1951లో మొదలుపెట్టిన పరిశోధన బ్రిటిష్ డాక్టర్లనే ఏబది ఏండ్లు గమనించింది. పొగత్రాగినవారి ఆయుస్సు సగటున పదేండ్లు తగ్గిందనీ, ముప్పయ్యో యేట మానినవారికి దాదాపు ఆ పదీ దక్కినాయనీ, అరవైయ్యో యేట మానినవారికి కూడా మూడేండ్లు దక్కినాయనీ 2004లో తేలింది. మన కోస్తా ఉదాహరణ ఇంకా కళ్ళకు కట్టేది. విశాఖ, శ్రీకాకుళం తీరపుపల్లెలలో స్త్రీలు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకొని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అంగిలికి కాన్సరు రావటానికీ ఈ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు 1957లోనే ఒక భారతీయ వైద్యపత్రికలో వ్రాసినారు. నిప్పు తగిలిన చోటనే పుండు. ఇంత సూటిగా కనిపించే కార్యకారణ సంబంధం వైద్యంలో అరుదు. అయితే ఇక్కడ కూడా ఆ అలవాటు ఒక్కొక్క స్త్రీ కోరి ఎన్నుకొన్నది కాదు. తల్లినుంచి కూతురికి, ఇరుగునుంచి పొరుగుకు వచ్చింది.

అటెండరుగారి మాట దగ్గరకు ఇప్పుడు రావచ్చును. “ఇంట్లో అందరూ తినేదే కదా” అన్నారాయన. లండన్‌లో జెఫ్రీ రోజ్ అనే వైద్యుడు 1985లో వ్రాసిన ఒక వ్యాసం నిండా ఉన్నది ఈ మాటే. ఒక జాతిలో అందరూ రోజుకు ఇరవై సిగరెట్లు కాలుస్తున్నారనుకుందాం, అప్పుడు ఊపిరితిత్తుల కాన్సరు కొందరికే ఎందుకు వచ్చిందని ఎంత పరిశోధించినా సిగరెట్టు దొరకదు, అది వంశపారంపర్య వ్యాధి అని తేలుతుంది అని ఆయన వాదన. అందరిలో సమానంగా ఉన్నది ఎవరిలోనూ కనిపించదు. ఆయన కెన్యా దేశపు సంచారజాతుల రక్తపోట్లనూ లండన్ గుమాస్తాల రక్తపోట్లనూ పోల్చి చూపినాడు. లండన్‌లో కొందరు రోగులు ఎక్కువగా ఉండటం కాదు, మొత్తం జనమే పైకి జరిగి ఉన్నారు. లండన్‌లో ఒక గుమాస్తాకంటె మరొక గుమాస్తాకు రక్తపోటు ఎందుకు ఎక్కువ అనేది ఒక ప్రశ్న. లండన్‌వారందరికీ ఎందుకు ఎక్కువ అనేది వేరొక ప్రశ్న. మన వ్యాసాలన్నీ మొదటి ప్రశ్ననే అడుగుతున్నవి.

దీనికి తోడు ఒక లెక్క ఉన్నది. అంకెలు సులువుకై నేను అనుకొన్నవి. వెయ్యిమంది ఉన్న ఊరిలో వందమందికి రక్తపోటు బాగా ఎక్కువ. పదేండ్లలో వారిలో పదిమందికి పక్షవాతం వచ్చిందనుకోండి. మిగిలిన తొమ్మిదివందలలో నూటికి ముగ్గురి చొప్పున ఇరవైఏడుగురికి వచ్చింది. ముప్పు ఎక్కువ ఉన్నవాడికి ప్రమాదం మూడురెట్లకు పైనే. కాని రోగులలో ఎక్కువమంది ముప్పు తక్కువ ఉన్నవారి నుంచే వచ్చినారు. మా అటెండరువంటివారు ఆ ఇరవైఏడుగురిలోనివారు కావచ్చును. వారు చేసిన తప్పు వెదికితే దొరకదు.

రోజ్ చెప్పిన దారి కూడా ఇక్కడినుంచే బయలుదేరుతుంది. జనం మొత్తాన్ని కొంచెం క్రిందికి జరపగలిగితే చాలునంటాడు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్తున్నది. మన దేశపు సర్వేలలో అది 8 నుంచి 11 గ్రాముల దాకా తేలింది. ఆవకాయతో పెరుగన్నం తినేవానికి 5 గ్రాములని బోధించటం తేలిక, ఆచరించటం కష్టం. ఇంగ్లండులో బోధనతో సరిపెట్టలేదు. రొట్టెలు, డబ్బా ఆహారాలు తయారుచేసే కంపెనీలచేత ఏటేటా కొంచెం కొంచెంగా ఉప్పు తగ్గింపించినారు. 2003లో సగటున 9.5 గ్రాములున్నది 2011కు 8.1 గ్రాములకు దిగింది. తిన్నవారిలో చాలామంది నాలుకకు తేడా తెలియనే లేదు. మన దేశంలో వనస్పతి వంటి వాటిలో ఉండే ట్రాన్స్ కొవ్వు 2022 జనవరి నుంచి 2 శాతానికి మించరాదని నియమం వచ్చింది. డాల్డా మానమని ఇంటింటికీ ఎన్నేండ్లు చెప్తే అంత ఫలితం వచ్చేది? ఇటువంటి సంగతులు మన ఆరోగ్యవ్యాసాలలో రావు, ఎందుకంటే ‘జీవనశైలి’ అనే చట్రంలో వాటికి చోటు లేదు. ఆ చట్రంలో ఉన్నది ఒక పాఠకుడు, అతని నాలుక, అతని మనోనిగ్రహం.

రోజ్‌లోనూ లోటు లేకపోలేదు. జనమందరికీ మేలుచేసే చర్య ఒక్కొక్కరికి చేసే మేలు చాలా స్వల్పమని ఆయనే ఒప్పుకొన్నాడు. మంచం మీద ఉన్న రోగికి ఆయన శాస్త్రం చెప్పేది తక్కువ. అంతకంటె పెద్దలోటు, కారణం ముందుగా తెలిసినచోటనే ఆయన పద్ధతి పనిచేస్తుంది. ఉద్దానంలో దేనిని క్రిందికి జరపాలో తెలియదు.

మాటల విషయంలో నా సూచన చిన్నది. పొగాకువంటి వాటికి కారణమనే మాట ఉంచుదాం. వయస్సు, వంశం వంటివాటిని ‘ముప్పు సూచనలు’ అనవచ్చును. రక్తపోటు, కొవ్వులు, ఉప్పు వంటివి ‘ముప్పు పెంచేవి’. కారకమనే మాటను వ్యాకరణానికే వదిలేద్దాం. జీవనశైలి వ్యాధులన్న పేరు ఈ పత్రికలోనైనా వాడకుండా ఉంటే నాకు సంతోషం. ఈ సంవత్సరం మా గోడపత్రికలో ఆ జాబితాను తిరిగి వ్రాసి అతికించినాను. శీర్షిక మరీ పొడుగైందని విద్యార్థులు గొణిగినారు. అటెండరుగారు దానినీ నిలబడి చదివినారు. ‘వంశం’ అన్నచోట వేలు పెట్టి, “మావాడికి ఇరవైఎనిమిది ఏండ్లండీ. వాడికి కూడా రక్తపోటు చూపించమంటారా?” అని అడిగినారు. చూపించమన్నాను.